బొమ్మలకు ముందున్న పేజీలు

ప్రత్తిపాడు నుంచి గుంటూరు వెళ్లడానికి జనానికి సవాలక్ష పనులుంటాయి. మమ్మల్ని బస్సెక్కించింది మాత్రం మస్తాన్ వలీ ఆయాసం. మస్తాన్ నా ఈడువాడు, సైకిళ్లు బాగుచేస్తాడు, నన్ను బావా అంటాడు. ఆరేళ్లుగా పుస్తకం చూసి సొంతంగా యోగా చేస్తున్నవాణ్ణి కదా, రెండు నెలల్లో నీ ఆయాసం తగ్గిస్తానని జనవరిలో మాటిచ్చాను. మార్చి వచ్చేసరికి వాడు మెట్లెక్కలేకపోతున్నాడు. నా పుస్తకం లోతు చాలలేదు, ఇంకా పెద్దది కొనాలనుకున్నాను.

తొమ్మిదింటికి పల్లెవెలుగు ఎక్కితే ముప్పావు గంటలో గుంటూరు బస్టాండు, టిక్కెట్టు ముప్పై రూపాయల లోపే. మస్తాన్ దగ్గు విని డ్రైవరు బీడీలు మానమని సలహా చెప్పాడు. వాడు జన్మలో బీడీ ముట్టలేదు. బస్టాండు నుంచి బ్రాడీపేటకు ఆటో. అన్నట్టు, నేను ఐదో తరగతితో బడి మానేశాను. తర్వాతి చదువంతా కిరాణా కొట్టు పొట్లాల కాగితాల మీదే. అందుకే నాకు ఏ కథకీ మొదలు తెలియదు, తెలుసుకోవాలన్న అలవాటూ లేదు.

పుస్తకాల కొట్టు నడిపే రత్నం మాస్టారు రిటైరైన టీచరు. మూడు పుస్తకాలు బల్ల మీద పెట్టారు: బొమ్మలతో ఆసనాలు నేర్పేది, ఊపిరి గురించి ఒక డాక్టరు రాసినది, పాత సూత్రాలకు తెలుగు తాత్పర్యం. ఈ మూడోదాంట్లో ఆసనాల సంగతి రెండు మూడు వాక్యాలేనని, మిగతాదంతా మనసు గురించేనని చెబితే నోరు తెరిచాను. ఆరేళ్ల నా సాధన ఆ రెండు వాక్యాల్లో అయిపోయిందన్నమాట. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది.

“ప్రాణాయామం ఎక్కడ చేస్తారండీ?” అని మస్తాన్ దగ్గు విని మాస్టారు అడిగారు.

“ఇద్దరం మిరప కల్లంలోనండీ, పొద్దున్నే. అంత విశాలమైన చోటు మా ఊళ్లో ఇంకోటి లేదు.”

“ఆరబోసిన మిరపకాయల మధ్యనా?”

కళ్ల వెంట నీళ్లు కారతాయని, ముక్కు మండుతుందని, లోపలి మలినం పోతున్న గుర్తని గర్వంగా చెప్పాను. మాస్టారు నేను వెంట తెచ్చిన పాత పుస్తకమే తీసుకుని, నేనెన్నడూ తిప్పని నాలుగో పేజీ చూపించారు. పొగ, దుమ్ము, ఘాటు లేని చోట కూర్చోవాలని నిక్షేపంగా అచ్చేసి ఉంది. బొమ్మలు మొదలయ్యేది ఇరవయ్యో పేజీలో. నేనూ అక్కడే మొదలుపెట్టాను.

రెండు నెలలు ఆయాసం మనిషి చేత కారం పీల్పించాను. మస్తాన్ వైపు చూడలేకపోయాను. వాడే నెమ్మదిగా అన్నాడు:

“నాకు రెండోరోజే డౌటొచ్చింది బావా. నువ్వు చదివినోడివి కదా అని ఊరుకున్నా.”

తిట్టి ఉంటే బాగుండేది. అక్కడి నుంచి నేరుగా పక్క వీధి ఆసుపత్రికి తీసుకెళ్లాను. కల్లం వైపు వెళ్లకుండా మందు పీలిస్తే తేరుకుంటాడని డాక్టరు చెప్పేదాకా నేను ఊపిరి పీల్చానో లేదో నాకు తెలియదు.

డాక్టరు రాసిన పుస్తకం, తాత్పర్యం రెండూ కొన్నాను. తిరుగు బస్సులో మొదటి పేజీ నుంచి చదివి వినిపిస్తుంటే మస్తాన్ ప్రతి వాక్యానికీ ఆపి, అంటే ఏంటని అడిగాడు. ఊరొచ్చేసరికి మూడు పేజీలే అయ్యాయి. ఆరేళ్లలో నేను చదివింది అంతకంటే తక్కువని అప్పుడు తెలిసింది. మీరూ ఇలాంటి పుస్తకాల కోసం వెళితే, ఆ కొట్లు పదింటికిగానీ తెరవరు. కొనేముందు బొమ్మలకు ముందున్న పేజీలు అక్కడే నిలబడి చదవండి. మీ మాట నమ్మినవాడు పక్కనుంటే, కాస్త గట్టిగా చదవండి.