బాల్‌రాజ్ పటేల్ కసరత్తు చీటీ

తాండూరు బాల్‌రాజ్ పటేల్‌కు ఉన్నది ఒకటే పిచ్చి. తెల్లారగానే ఒళ్లు కరిగేలా కసరత్తు చేస్తాడు. ఎండెక్కేలోపు ఆ కరిగిందంతా కూర్చుని తినేస్తాడు. మూడేళ్లుగా ఇదే వరస. నెలనెలా పప్పు మిల్లు కాంటా ఎక్కుతాడు, దిగుతాడు. శేరు తగ్గడు, శేరు పెరగడు. ఇంత నిక్కచ్చి మనిషి తాలూకా మొత్తంలో లేడని మిల్లు హమాలీలు మెచ్చుకునేవాళ్లు.

భార్య సత్యమ్మకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. వికారాబాద్ డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విని, "పటేలా, బరువు దించుకో. లేకుంటే గుండె దిగుతుంది" అని చీటీ రాసిచ్చిన రోజు ఆమె పక్కనే ఉంది. ఆ చీటీ ఇంగ్లీషులో ఉంది. పటేల్ దాన్ని అంగీ జేబులోంచి తీసేవాడేగాని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. కాబట్టి అందులో ఏముందంటే, ఆ పూట పటేల్‌కు ఏది తోస్తే అదే ఉంది.

మొదటి రోజే ఆ చీటీ పట్టుకుని ఊరవతలి వాడలో రాహేలమ్మ గుడిసె ముందు నిలబడ్డాడు. రాహేలమ్మ ఒంటరిది. నాపరాళ్ల గనిలో రాయి మీద పడి కుడి మణికట్టు వంకరపోయింది. అయినా ఎవరి దగ్గరా గింజ తీసుకోదు. సత్యమ్మ ఒకసారి జొన్నలు పంపితే, "చెయ్యి వంకరపోయింది, చాపనీకె గాదు" అని మూటను అట్లాగే తిప్పి పంపింది.

"రాహేలమ్మా, జర నీ కుండలియ్యి."

"ఎందుకు పటేలా?"

"నీళ్లు మోయకుంటె సస్తనంట. డాక్టర్ రాసిండు."

"మీ ఇంట్ల బాయి లేదా?"

"దూరం బాయి రాసిండు."

రాహేలమ్మ ఆయన పొట్ట వంక, తన కుండల వంక చూసింది. "సరే, పానం మీదికొచ్చిందంటున్నవ్ గన్క ఇస్తున్న. తగ్గినంక ఒక్క దినం గూడ నా కుండ ముట్టొద్దు. నాకెవరి దయా వద్దు."

ఆ రోజు నుంచి పటేల్ కావడి వేసుకుని నీళ్లు మోశాడు. వారం తిరక్కుండా చీటీలోకి ఇసుర్రాయి కూడా వచ్చి చేరింది. రాహేలమ్మ జొన్నలు ఆయనే విసిరేవాడు. ఆమె గడపలో కూర్చుని అదిలించేది: "నిండ తే పటేలా! సగం కుండకు సగం పొట్టే తగ్గుతది."

బజారు పెద్దమనుషులకు కడుపు మండిపోయింది. పటేల్ తమ్ముడు మహేందర్ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"అన్నా, ఆ వాడల కుండలు మోసుడేంది, ఆడోళ్ల లెక్క ఇసురుడేంది? మన ఇజ్జత్ ఏం గావాలె?"

"బంద్ జేస్త. నేను సస్తె మీదే జిమ్మేదారి అని ఈ చీటీ ఎనక సంతకం పెట్టుండ్రి."

ఇజ్జత్ కోసం ప్రాణాలిస్తామని వచ్చిన పెద్దమనుషులు ఒక్క సంతకం ఇవ్వలేక వెళ్లిపోయారు. మరుసటి నెల మహేందర్ రహస్యంగా వచ్చి ఆ చీటీ రెండు రోజులు అరువడిగాడు. పొట్ట ఆయనకూ ఉంది మరి.

మూడేళ్లు చూసి సత్యమ్మ ఇక ఊరుకోలేదు. నెయ్యి గిన్నె పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఎనిమిది జొన్నరొట్టెలను మూడు చేసింది, గడ్డపెరుగును మజ్జిగ చేసింది. రెండు నెలల్లో కాంటా పది శేర్లు తక్కువ చూపించింది. ఆమె సంతోషానికి హద్దు లేదు. పటేల్ మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

మరునాడు బజారులో మిర్చీ బజ్జీల బండి వెనక దొరికిపోయాడు. రెండు చేతుల్లోనూ మిర్చీలే.

"సస్తవయ్యా!" సత్యమ్మకు కళ్లనీళ్లు వచ్చాయి. "గింత కష్టపడి తగ్గి, మల్ల గిదేంది?"

పటేల్ నోట్లోది మింగి, నేల చూపులు చూశాడు. "ఇంకింత తగ్గితె రాహేలమ్మ కుండలియ్యదే. ఆ చేత్తోని బొక్కెన ఎట్ల చేదుతది? ఊకె సాయం చేస్తనంటె గడప తొక్కనిస్తదా? నాకున్న సాకు ఈ పొట్ట ఒక్కటే."

మూడేళ్లుగా తిండిపోతని తిట్టిన తిట్లన్నీ సత్యమ్మకు ఒక్కసారి గుర్తొచ్చాయి. పిచ్చి మొగుడని మురిసిపోయింది కూడా. చేతుల్లోంచి మిర్చీలు లాక్కుని, జేబులోంచి చీటీ లాక్కుంది.

తెల్లారి మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆమే రాహేలమ్మ గడప ముందు నిలబడింది. రాహేలమ్మ పటేల్ పొట్ట చూసి తల ఊపింది. "తగ్గిండు. ఇగ ఫికర్ లేదు. నా కుండలు ముట్టొద్దు."

"తగ్గిండు. ఇగ చీటీ నాకు రాసిండు డాక్టర్" అంది సత్యమ్మ.

రాహేలమ్మ ఆమెను కిందినుంచి మీదికి చూసింది. ఎండిన జొన్నసొప్పలా ఉండే మనిషి. "నీ ఒంట్ల ఏముందమ్మా తగ్గనీకె?"

"నాకు తగ్గనీకె గాదు. పెరగనీకె రాసిండు."

రాహేలమ్మ నిట్టూర్చి కుండ అందించింది. "మీ ఇంట్ల ఒక్కరన్న సక్కగుంటె నాకీ పరేషాన్ ఉండకపోవు. నిండ తే అమ్మా. సగం కుండకు సగమే పెరుగుతవ్."

సత్యమ్మ నిండుగానే తెచ్చింది.