అద్దంలో ఆవిడ

కత్తెర ఏ చేత్తో పట్టుకోవాలో తెలియకపోయినా వీధంతా ఆమెను సెలూనావిడ అనే పిలుస్తుంది. మొగుడిది సెలూను, అంతే సంబంధం. ఆయన నోరు మెదపడు, ఈవిడ నోరు మూయదు. అందుకే కాపురం సజావుగా సాగుతోందని మరిది ఏడిపించేవాడు.

అలాంటి ఆయనకు మెదడులో రక్తం గడ్డకట్టింది. ప్రాణం దక్కింది, కాలూ చెయ్యీ కోలుకున్నాయి గానీ, భార్యను మాత్రం పోల్చుకోలేకపోయాడు. ఆసుపత్రిలో ఆమె నీళ్ళు పట్టిస్తే "థాంక్సండీ" అన్నాడు. ఇంటికొచ్చాకా అదే వరస. కట్టుకున్నవాడు తనను 'అండీ' అంటుంటే తట్టుకోలేక ఒకరోజు పెళ్ళి ఫొటో చూపించింది. మర్యాదగా చూసి, "అమ్మాయి బాగుందండీ" అన్నాడు. ఆమె వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున ఏడ్చింది.

"ఇంట్లో కూర్చోబెట్టి ఏం లాభం వదినా? షాపుకి తీసుకొస్తే కాలక్షేపమన్నా అవుతుంది" అన్నాడు మరిది.

షాపులో అడుగుపెట్టగానే ఆయన తిన్నగా వెళ్ళి తన కుర్చీ వెనక నిలబడ్డాడు. తమ్ముణ్ణి కూర్చోబెట్టి, మెడకు గుడ్డ కట్టి, దువ్వెన అందుకున్నాడు. ఆమె ఇంటికి పోయి, మధ్యాహ్నం అన్నం క్యారేజీతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఎదురుగా ఉన్న అద్దంలోకి చూసి అన్నాడు.

"వచ్చావా? కూర్చో. ఈ పక్క సరిచేసి వస్తా. బీపీ మాత్ర వేసుకున్నావా, మర్చిపోయావా?"

ఎవరు ఎవర్ని అడగాల్సిన ప్రశ్న అది! ఆమె క్యారేజీ కింద పెట్టి, గుమ్మం పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది.

ఆలోచిస్తే వింతేమీ లేదు. ఇన్నేళ్ళూ మధ్యాహ్నం పూట కత్తెర ఆపకుండా అద్దంలోంచే భార్యను పలకరించాడాయన. ఆ పౌడరు వాసనా, ఆ కత్తెర చప్పుడూ ఉన్నచోటే ఆమె జ్ఞాపకమూ ఉండిపోయింది. షాపు దాటితే మళ్ళీ 'అండీ'నే. ఆశ చావక ఆమె షాపు అద్దం విప్పించి ఇంట్లో పెట్టించింది. "ఇక్కడ పెట్టారేంటండీ, షాపులో ఇబ్బంది కదా" అన్నాడాయన. మర్నాడే అద్దం వెనక్కి వెళ్ళింది.

పక్కింటావిడ జాలిపడబోతే సెలూనావిడ ఒప్పుకోలేదు. "అసలే లేకుండా పోవాల్సినవాడు. రోజూ ఓ గంట నా మొగుడు నాకు దొరుకుతున్నాడు. ఇంకేం కావాలి?" అంది. అది పైకి చెప్పిన మాట కాదు, నిజంగానే అలా అనుకుంది.

ఒక మధ్యాహ్నం షాపులో పక్కపక్కన కూర్చుని అన్నం తింటుండగా, అద్దంలో ఆమెను చూస్తూ ఆయన గొంతు తగ్గించాడు.

"మనింట్లో ఒకావిడ ఉంటోంది చూడు. ఎవరో ఏమో గానీ, పాపం, నన్ను కంటికి రెప్పలా చూసుకుంటోంది. ఆవిణ్ణి మాత్రం పంపెయ్యకు."

"పంపన్లెండి. పొమ్మన్నా పోదావిడ" అంది సెలూనావిడ.

అద్దంలో ఆయన్ను చూసి నవ్వి, ఆయనకు ఇంకాస్త అన్నం వడ్డించింది.