వణుకు ఎవరిది?

"వణికేది మన వైర్లమ్మా, పెట్టె కాదు! మధ్యలో ఫిల్టర్ పెట్టు, అదే సర్దుకుంటుంది," అని పెద్దసారు బల్ల చరిచాడు.

"సర్దుకునేది తెరమీది గీతండీ. పెట్టె కాదు," అంది అక్కడే ఇంజనీరుగా చేస్తున్న మా చెల్లెలి కూతురు.

ఆ పరీక్షగది నేల తుడవడం నా ఉద్యోగం. తుడుపుకర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఊరి కరెంటును అదుపులో ఉంచే పెట్టెలను లైన్లకు తగిలించే ముందు అక్కడికి తెస్తారు. పెట్టె ఒక్కటే నిజం. ఊరు, లైన్లు, మిల్లులు, పిడుగుపాట్లు అన్నీ కంప్యూటరే నటిస్తుంది. పెట్టె చెప్పింది కంప్యూటరుకు, కంప్యూటరు చెప్పింది పెట్టెకు వైర్లలో తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరగడంలో కాస్త ఆలస్యమైనా గీత వణుకుతుందట. ఆ వణుకును అణచడానికే ఫిల్టర్. మంచిదే. కానీ వణుకు పెట్టెదే అయితే అదీ అణిగిపోతుంది కదా! జ్వరం చూడబోతూ రోగి నోట్లో ఐసుముక్క పెట్టి, ఒళ్లు చల్లగా ఉందని చెప్పడమన్నమాట.

"మనదో దానిదో ఇప్పుడే తేల్చేద్దాం," అని మా పిల్ల, ఏళ్లతరబడి లైన్లమీద నిక్షేపంలా పనిచేసిన అదే రకం పాత పెట్టెను తెప్పించింది. అవే వైర్లు, అదే ఆలస్యం, ఫిల్టర్ లేదు. గీత తిన్నగా నడిచింది. మళ్లీ కొత్తది తగిలించింది. గీత గజగజలాడింది.

"ఇప్పుడు చెప్పండి సార్, వైర్లదేనా?"

పెద్దసారు కళ్లజోడు తీసి, అద్దాలు అరిగిపోయేలా తుడుచుకున్నాడు. పెట్టె తయారుచేసిన కంపెనీకే వెనక్కి పోయింది.

చిన్నప్పటినుంచీ మా పిల్ల తీరు అంతే. గోడగడియారం సరిగ్గా నడుస్తోందని ఎవరైనా అంటే, "దేన్ని చూసి అంటున్నారు?" అని అడిగేది. "నీకు మొగుడొస్తే మూడోనాటికి పారిపోతాడే," అనేది మా చెల్లెలు. పారిపోలేదు. బస్సు నడుపుతాడు పాపం. ఇంట్లో మాత్రం వెనకసీట్లో కూర్చుంటాడు. ఆఫీసులో దానికి 'వణుకుల మేడమ్' అని పేరు పెట్టి నవ్వుకునేవాళ్లు. అదీ నవ్వేది. గొప్ప పేరే కదా పెద్దమ్మా, అనేది.

పోట్లాట గెలిచిందే గానీ, కుర్చీ పోయింది. దాన్ని స్టోరుగదికి తోసి, వైరుచుట్టలు లెక్కపెట్టుకోమన్నారు. ఆమధ్య ఆ పెట్టే రంగు మార్చుకుని, లోపల అవే పేగులతో తిరిగొచ్చింది. మా పిల్ల చోట కూర్చున్న మహానుభావుడు ఫిల్టర్ పెట్టాడు, గీత బుద్ధిగా పడుకుంది, పాసన్నారు. పోయేది ఎక్కడికనుకున్నారు? ఆసుపత్రి లైనుకు!

మా పిల్ల ఊరుకుంటుందా? పైవాళ్లకు ఫిర్యాదు పెట్టింది. దానికి పెద్దసారు జవాబేమిటంటే, ఆరోజు మా పిల్లే వైర్లు అటూ ఇటూ చేసి కొత్త పెట్టెను కావాలని వణికించిందట! అలాగని తేలితే దీని ఉద్యోగం ఊడుతుంది, ఆ పెట్టె ఆసుపత్రికి పోతుంది. ఆరోజు గదిలో ఉన్న ఇంజనీర్లను అడిగితే ఒక్కడికీ ఏమీ గుర్తులేదట. అంత చదువు చదివినవాళ్లకు ఇంత మతిమరుపా! నెల జీతం ఒక్కరోజు ఆలస్యమైతే మాత్రం ముత్తాతల నాటి రూలు కూడా గుర్తొస్తుంది.

రేపు విచారణ. సాయంత్రం అది మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే కూలబడింది.

"పెద్దమ్మా, నువ్వొచ్చి చెప్పాలి."

"నాకేం తెలుసే ఆ వైర్ల గొడవ? పైగా వాళ్ల నేల తుడిచేదాన్ని. రేపే పొమ్మంటారు."

"అంటారు. తెలిసే అడుగుతున్నా. నీకు వైర్ల గొడవ తెలియక్కర్లేదు. ఏ పెట్టె వణికింది, ఏది వణకలేదు, కళ్లతో చూసింది చూసినట్టు చెప్పు చాలు. ఇంకొక్క మాట."

"ఏంటే?"

"పెద్దసారు నీ ఎదురుగానే కూర్చుంటాడు. తిట్టకు పెద్దమ్మా. నువ్వు తిడితే అందరికీ ఆ తిట్లే గుర్తుంటాయి, పెట్టె సంగతి గుర్తుండదు."