మా ఇష్టంతో మానేసిన రోజు

మొన్న గాల్‌బ్లాడర్లో రాళ్లు తీయించుకోవడానికి ఒంగోలు వెళితే, నర్సమ్మాయి ఆరు పేజీల ఇంగ్లీషు కాగితాలు అట్టకు తగిలించి తెచ్చి, టిక్కు పెట్టిన చోటల్లా సంతకం చేయమని, ఊరికే ఫార్మాలిటీ మేడమ్ అని పెన్ను చేతికిచ్చింది. నేను కళ్లద్దాలు తుడుచుకుని మొదటి పేజీ నుంచీ చదవడం మొదలుపెట్టాను. వెనక ఇంకా పేషెంట్లు ఉన్నారనీ, ఇవన్నీ ఎవరూ చదవరనీ ఆ పిల్ల గొణిగింది. గొణిగితే గొణిగింది, కడుపు నాది. నాలుగో పేజీలో, ఇదంతా నా ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట కనబడేసరికి, ఆపరేషను భయం ఎటు పోయిందో గానీ, ముక్కుకు పొగాకు ఘాటు తగిలినట్టయింది. పర్చూరు చుట్టుపక్కల పుట్టి, నా ఈడుకు వచ్చినవాళ్లకు ఆ ఘాటు ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు.

తొంభైల చివరి మాట. అమ్మా, పిన్నీ, మా పేటలో ఇంకో ముప్పై నలభై మంది ఆడవాళ్లూ ఊరి బయట ఒక పొగాకు కంపెనీ షెడ్డులో గ్రేడింగుకు వెళ్లేవాళ్లు. బారుగా వరసలో కూర్చుని, ఆకు రంగూ మచ్చా చూసి ఏ రకానికి ఆ రకం వేరు చేయడం వాళ్ల పని. వరస మొదట కూర్చునేది మా పిన్ని. వరస మొదటి మనిషి ఏది చేస్తే మిగతావాళ్లూ అదే చేయడం ఆ షెడ్డులో అలవాటు. ఆమె లేస్తే మంచినీళ్ల వేళ, ఆమె కొంగు దులిపితే ఇంటికెళ్లే వేళ. మేస్త్రి తెచ్చిన కాగితం మీద ఆమె వేలిముద్ర వేస్తే ఇక వరస చివర కూర్చునే మా అమ్మ దాకా ఎవరూ తలెత్తి చూసేవాళ్లు కాదు. ఇందులో ఏముందని అడిగితే, సొంత ఊరి మేస్త్రిని అనుమానించినట్టు అవుతుందని వాళ్ల మొహమాటం.

ఆ ఏడాది మాత్రం కాగితాలు ఇంగ్లీషులో వచ్చాయి, మనిషికొకటి చొప్పున. పిన్నికి ఎందుకో మనసొప్పక, ఒకటి మడిచి జాకెట్టులో పెట్టుకుని మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు నాకు చూపించింది. నేను అప్పటికి బీఏ పాసై, పక్క ఊరి కాన్వెంటులో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. మా పేటలో ఇంగ్లీషు చదివిన మొదటి ఆడపిల్లను నేనే, ఆ పొగరు నా నడకలోనే కనబడేది. కాగితంలో సీజను అనీ, ఎంగేజ్‌మెంటు అనీ తెలిసిన మాటలు ఉన్నాయి, తెలియనివి ఇంకో రెండు ఉన్నాయి. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఈ సీజనుకు మిమ్మల్ని పనిలో పెట్టుకున్నట్టు రాసుకున్నారు, ఏం ఫర్వాలేదు, వేసేయమన్నాను. పిన్ని వేసింది. వరసంతా వేసింది.

ఆ శనివారం కాన్వెంటులో పాఠానికి సిద్ధమవుతూ గ్రామరు పుస్తకం తిప్పుతుంటే, ఎవరైనా ఒక పనిని తెలిసీ, కావాలనీ చేస్తే వాడే మాటలన్నీ ఒకచోట కనిపించాయి. విల్లింగ్లీ, వాలంటరీ, డెలిబరేట్లీ, ఆన్ పర్పస్. వాటి కింద చివరి వరసలో, ఆఫ్ వన్స్ ఓన్ వొలిషన్. కాగితంలో నాకు తెలియని మొదటి మాట అదే. రెండో మాట కోసం డిక్షనరీ తీశాను. రెలింక్విష్ అంటే వదులుకోవడం. సీజను ముగియగానే నా పనిని నా ఇష్టంతోనే వదులుకుంటున్నాను, అదీ ఆ కాగితం. వచ్చే ఏడాది కొత్త కాంట్రాక్టరు వస్తాడని అనుకోవడం నేనూ విన్నాను. అప్పుడు పాతవాళ్లు మాకు పని ఇవ్వండని అడిగే వీలు లేకుండా కంపెనీవాళ్లు ముందే తెంపేసుకున్నారన్నమాట. ఆ షెడ్డు పోతే మా పేటలో సగం పొయ్యిలకు దిక్కు మిరపకోతలే, అవి ఏడాదికి ఎన్నాళ్లు ఉంటాయి గనక. నా తెలియనితనానికి వాళ్ల వేళ్లు నల్లబడ్డాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో అందరినీ ఆపి, ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. తెలియకపోయినా తెలిసినట్టు చెప్పానని కూడా ఒప్పుకున్నాను. ఎవరో ముసలమ్మ తిట్టింది, తిట్టాల్సిందే. పిన్ని మాత్రం తిట్టలేదు. ఇష్టంతో అనడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో అన్నీ చెప్పమని అడిగి, ఒక్కోటీ నోటికి తిప్పుకుంది. చివరికి నా వైపు చూసి, “ఏడుపు ఆపి, రేపు పొద్దున్నే నా ఎనకాల రా” అంది.

సోమవారం పొద్దున షెడ్డులో ఆకుకు చెమ్మ పట్టించి కుప్పలు పోసి ఉన్నాయి. చెమ్మ పట్టిన ఆకును ఆ రోజే రకాలుగా వేరు చేయకపోతే బూజు పడుతుంది. బయట లారీలు కాచుకుని ఉన్నాయి. పిన్ని తన చోట కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుంది. వరసంతా చేతులు ఒళ్లో పెట్టుకుంది. మేస్త్రి బతిమాలాడు, అరిచాడు, పోయి మేనేజరు గారిని పిలుచుకొచ్చాడు. పని మానేయమని ఎవరు చెప్పారని ఆయన గుమ్మంలో ఉన్న నన్ను చూస్తూనే గద్దించాడు.

“ఎవరూ చెప్పలేదండి,” అంది పిన్ని, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. “మా ఇష్టంతోనే మానేస్తున్నామని మీ కాయితంలోనే ఉందంట గదండి. సీజను అయిందాకా ఎందుకులే అని ఇయ్యాలే మానేశాం.”

ఆయన పక్కామెను అడిగాడు. నా ఇష్టమండి అంది. ఆ పక్కామె, ఆ పక్కామె, అలా వరస పొడుగునా అదే మాట. చివర మా అమ్మ ఉంది. జన్మలో ఎవరి ఎదుటా గొంతు పెంచని మా అమ్మ, తలెత్తి, “వాలంటరీ సార్” అంది. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ నవ్వులో నేను మళ్లీ ఏడ్చాను, ఈసారి సంతోషంతో.

మధ్యాహ్నం కాకముందే కాగితాలు తిరిగొచ్చాయి. పిన్ని వాటిని ఒక్కోటీ నా చేత పైకి చదివించి, అర్థం చెప్పించి, ఆ తర్వాతే చింపించింది. వచ్చే సీజనుకు ఎవరు కాంట్రాక్టరైనా ముందు ఈ వరసనే పిలవాలని తెలుగులో కొత్త కాగితం రాయించింది. దాని మీద మేనేజరు గారి సంతకం పడ్డాక తన వేలు వేసి, అప్పుడు ఆకు ముట్టుకుంది. వరసంతా ముట్టుకుంది. మరుసటి ఏడు వాళ్లే వెళ్లారు, ఆ పై ఏడూ వాళ్లే. నా గొప్ప డిగ్రీ చేయలేని పని, ఒళ్లో పెట్టుకున్న చేతులు చేశాయి.

తర్వాత పిన్ని బతికున్నన్నాళ్లూ రేషను కాగితమైనా, పొదుపు సంఘం కాగితమైనా నా ముందు పెట్టి, ఇందులో నా ఇష్టం ఎంతుందే అని అడిగి గానీ వేలు వేసేది కాదు. తెలియకపోతే తెలియదని చెప్పడం నాకూ అలవాటైంది. ఇప్పుడు మా పేటలో వేలిముద్ర వేసేవాళ్లు ఒక్కరూ లేరు. పిల్లలందరికీ ఇంగ్లీషు వచ్చు, ఫోనులో ఒప్పుకుంటున్నాను అని ఉన్న చోట చదవకుండా రోజుకు పదిసార్లు నొక్కుతారు. నిజం చెప్పొద్దూ, నేనూ నొక్కుతాను.

కానీ మొన్న ఆసుపత్రిలో మాత్రం ఆరు పేజీలూ చదివాను. రెండు మాటలు తెలియక అడిగితే, ఆ నర్సమ్మాయికీ తెలియలేదు. సిగ్గుపడుతూ, ఎన్నాళ్లుగానో అందరి చేతా సంతకాలు పెట్టిస్తున్నానుగానీ ఎప్పుడూ చూడలేదు మేడమ్ అంది. నా మంచం మీదే కూర్చోమన్నాను. డాక్టరు గారిని పిలిపించి ఆ రెండు మాటలకూ అర్థం చెప్పించుకున్నాం, ఇద్దరం. అప్పుడు పెట్టాను సంతకం, నా ఇష్టంతో.