అద్దాలక్క నుదురు

కళ్ళజోళ్ళ కొట్లో ఉన్నన్ని అద్దాలు మంగలి కొట్లో కూడా ఉండవు. గోడలకి అద్దాలు, బల్లల మీద అద్దాలు, చేత్తో పట్టుకుని చూసుకునే అద్దాలు. వీధి వీధంతా అద్దాలక్క అని పిలిచే ఆవిడ ఇరవై ఏళ్ళకి పైగా ఆ అద్దాల మధ్యే కూర్చుంది. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము నిలబెట్టి, చెవి వెనక ఎక్కడ నొక్కుకుంటోందో వేలితో తడిమి చూసి, కాడని వెచ్చబెట్టి కాస్త వంచి, మళ్ళీ పెట్టి, "ఇప్పుడు కిందకి చూడండి, జారుతోందా?" అని అడిగేది. జారేది కాదు.

ఆవిడకో పట్టింపు ఉండేది. డాక్టరు చీటీ లేకుండా వచ్చి, "ఏదో ఒక పవర్ ఇచ్చేయండి, పేపరు చదువుకోడానికేగా" అంటే ఛస్తే ఇచ్చేది కాదు. "ముందు కళ్ళు పరీక్ష చేయించుకు రండి, ఫ్రేమెక్కడికీ పారిపోదు" అని మొహం మీదే చెప్పి పంపేసేది. పెద్ద ఓనరు బతికున్నన్నాళ్ళు ఆ మొండితనాన్ని చూసి మురిసిపోయేవాడు. పరాయివాళ్ళ దగ్గర అంత నిక్కచ్చిగా ఉండే మనిషి అయినవాళ్ళ దగ్గరికొచ్చేసరికి వెన్నముద్ద అయిపోయేది. మనవాళ్ళలో సగం మంది ఇంతే, ఆవిడ ఒక్కర్తినీ అని లాభం లేదు.

అన్ని అద్దాలున్న చోట ఇంకో చిక్కు కూడా ఉంటుంది. ఫ్రేము పెట్టుకున్న పాతికేళ్ళ పిల్ల మొహం అద్దంలో కనపడుతుంది, పక్కనే వంగి సరిచేస్తున్న తన మొహమూ కనపడుతుంది. ఇంట్లో ఆడవాళ్ళు రోజుకి రెండుసార్లు చూసుకునే మొహాన్ని ఆవిడ పొద్దస్తమానం చూసుకోవాల్సి వచ్చేది, అదీ పోలికకి ఇంకొకరిని పక్కన పెట్టుకుని. నుదుటి మీద మూడు అడ్డగీతలు బాగా లోతుగా పడ్డాయి. అయినా పెద్ద ఓనరు పోయి, కుర్చీలోకి ఆయన కొడుకు వచ్చేదాకా ఆవిడ వాటి గురించి బాధపడిన పాపాన పోలేదు.

"ఆంటీ, ముందు కుర్చీలో ఇకనించి కొత్తమ్మాయిని కూడా అప్పుడప్పుడూ కూర్చోబెడదాం. చూడ్డానికి ఫ్రెష్‌గా ఉంటే కస్టమర్లు ఇంకో నాలుగు ఫ్రేములు పెట్టుకు చూస్తారు. మీరు వెనక గదిలో గ్లాసుల పని చూసుకోండి" అన్నాడు చిన్న ఓనరు. మర్యాదగానే అన్నాడు.

వెనక గది అంటే కిటికీ లేని గది. గ్లాసుల్ని ఫ్రేము కొలతకి అరగదీసే మిషను, దాని రొద, తడి నేల. అక్కడికి మనుషులు రారు. అప్పుడప్పుడూ అన్నది ఎప్పుడూ అవడానికి ఎంతో కాలం పట్టదని అద్దాలక్కకి తెలుసు. ఆ కుర్చీ పోతే ఇంక తను ఎవరికీ ఏమీ కాదనిపించి, ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

మొగుడు లిఫ్టుల మెకానిక్కు. ఏడిచేవాళ్ళని ఓదార్చడం చేతకాక హాస్యమాడతాడు. "నీ నుదుటి మీద గీతలు చాలావరకు నా వల్ల పడ్డవే. నాకు చెప్పకుండా చెరిపేస్తే ఒప్పుకోను" అన్నాడు.

"మీకు అన్నీ వేళాకోళాలే" అందావిడ.

ముడతలు పోవడానికి సూదులుంటాయని కొత్తమ్మాయి చెప్పగా విని, మొదట వెళ్ళింది సరైన చోటికే. చర్మం డాక్టరమ్మ, పెద్దాసుపత్రి చదువు, గోడ మీద పట్టాలు. ఆ డాక్టరమ్మ సూది మాట పక్కనపెట్టి ప్రశ్నలు మొదలెట్టింది. ఏ మందులు వాడుతున్నారు, నరాల జబ్బులేమైనా ఉన్నాయా, సాయంత్రమయ్యేసరికి కళ్ళు లాగుతాయా, ఏం పని చేస్తారు. అద్దాలక్కకి పోలీసు స్టేషనులో కూర్చున్నట్టు అనిపించింది. ఆఖర్న డాక్టరమ్మ లేచొచ్చి, ఆవిడని కళ్ళు మూసుకోమని, నుదుటిని బొటనవేళ్ళతో గట్టిగా అదిమి పట్టుకుంది.

"ఇప్పుడు కళ్ళు తెరవండి."

సగమే తెరుచుకున్నాయి.

"చూశారా అమ్మా? మీ రెప్పలు బరువు. నుదుటి కండ వాటిని పైకి లాగి పట్టుకుంటోంది, అందుకే ముడతలు. అక్కడ సూది వేస్తే ఆ కండ నిద్రపోతుంది, రెప్పలు దిగిపోతాయి. నేను వేయను. ముందు కంటి డాక్టరుకి చూపించుకోండి."

కొట్లో తను చెప్పే మాటే అది. చెప్పేటప్పుడు ఎంత బాగుంటుందో, చెప్పించుకునేటప్పుడు అంత మండుతుంది. ఇన్నేళ్ళు కళ్ళ మధ్యనే బతికినదానికి కళ్ళ గురించి పాఠం చెప్తుందా అనుకుంటూ అద్దాలక్క మెట్లు దిగింది. ఆ ముడతలు ఊరికే కూర్చోలేదనీ, పొద్దున్నుంచీ రాత్రిదాకా తనతో పాటు కష్టపడుతున్నాయనీ ఆ మాటకి అర్థం. కోపంలో ఉన్న మనిషికి అర్థాలు ఎక్కుతాయా?

సంగతి తోడికోడలి చెవిన పడింది. మరిది భార్య ఆవిడ. ఇంటి ముందు గదిలో బ్యూటీ పార్లరు నడుపుతుంది. "అక్కా, బయటివాళ్ళ గుమ్మం తొక్కావా? నేను చచ్చాననుకున్నావా?" అంటూ ఫోను చేసింది. "మా పార్లరుకే ఒక డాక్టరు గారు వస్తున్నారు. చెయ్యి ఎంత తేలికో. నువ్వొచ్చి కూర్చో, మిగతాది నేను చూసుకుంటా."

వెళ్ళి కూర్చుంది. డాక్టరు గారు అనబడే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఐసు డబ్బా పట్టుకుని వచ్చాడు. నవ్వుతూ పలకరించాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ అడక్కపోవడమే అద్దాలక్కకి మర్యాదలా తోచింది. అయినా సీసా బయటికి తీసినప్పుడు దాని మీద కాయితం చిరిగి ఉండటం చూసింది. ఇదేం మందు, మీరేం చదివారు, ఎక్కడ చదివారు అని నోటిదాకా వచ్చింది. పక్కన తోడికోడలు చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. అడిగితే చిన్నబుచ్చుకుంటుంది, రేపు మరిది మొహం ముడుచుకుంటాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే మోటు సామెత ఒకటి అందరికీ తెలిసిందే. నలుగురిలో అనలేం గానీ అబద్ధం మాత్రం కాదు. నోటిదాకా వచ్చిన మాటల్ని మింగేసి ఆవిడ కళ్ళు మూసుకుంది.

కొద్దిరోజులకి నుదురు పలకలా నున్నబడింది. తోడికోడలు పరిగెత్తుకొచ్చి, కిటికీ దగ్గర నిలబెట్టి ఫొటో తీసుకుంది. కొత్తమ్మాయి కూడా "భలే ఉన్నారు" అంది. అద్దాలక్క ఆ రెండు రోజులూ నిజంగా సంతోషంగా ఉంది, అది కూడా చెప్పాలి.

ఆ తర్వాత రెప్పలు దిగడం మొదలైంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. వారం తిరిగేసరికి కళ్ళు సగానికి మూసుకున్నాయి. ఎదుటి మనిషిని చూడాలంటే గడ్డం పైకెత్తి, రెప్పల కిందనించి చూడాల్సి వచ్చింది. కొట్టుకొచ్చినవాళ్ళు ఈవిడకి పొగరని కొందరు, నిద్రమాత్రలు మింగిందని కొందరు అనుకున్నారు. ఒకాయన ముక్కు మీద ఫ్రేము పెట్టబోయి కంట్లో పొడిచింది. ఇస్త్రీ చొక్కా ఆయన మొదట ఐసు పెట్టమన్నాడు, తర్వాత మొహం చాటేశాడు. ఆయన ఆ మందులమ్మే కంపెనీ తరఫున తిరిగేవాడనీ, సూదులు వేయడం ఎక్కడో చూసి నేర్చుకున్నాడనీ తోడికోడలే గొణిగింది. "నాలుగు నెలల్లో అదే సర్దుకుంటుందిట అక్కా. ఎవరికీ చెప్పకే, నా పొట్ట కొట్టకు" అని చేతులు పట్టుకుంది.

అద్దాలక్క చెప్పలేదు. కొట్లో అడిగితే అలర్జీ అంది. మొగుడికి మాత్రం నిజం చెప్పింది. ఆయన ఆ రోజు హాస్యమాడలేదు. చిన్న ఓనరు, "రెస్టు తీసుకోండి ఆంటీ" అని మర్యాదగానే వెనక గదిలోకి పంపేశాడు. కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుంది. ఏ కుర్చీ కోసం సూది వేయించుకుందో ఆ కుర్చీ ఆ సూదితోనే పోయింది.

"నీ తోడికోడలు నీ ఫొటో పెద్దది చేయించి పార్లరు గోడకి పెట్టింది" అని ఒకనాడు మొగుడు చెప్పాడు.

"పోనీలెండి, దాని వ్యాపారం దానిది" అంది అద్దాలక్క, చేతులకంటిన మిషను దుమ్ము కడుక్కుంటూ.

మరో పది, పదిహేను రోజులకి కొత్తమ్మాయి వెనక గదిలోకి తొంగి చూసి, మీ కోసమే ఎవరో వచ్చారంది. వచ్చింది స్కూలు వ్యాను నడిపే అమ్మాయి, ముప్ఫై దాటి ఉంటాయి. వేరేవాళ్ళు వద్దు, మీరే కావాలని పట్టుబట్టిందట.

"అక్కా, నాకేవైనా అద్దాలు ఇవ్వండి. కుడికన్ను సరిగ్గా తెరుచుకోవట్లేదు. నిన్న వ్యాను వెనక్కి తీస్తుంటే వెనకాల పిల్లాడున్నాడు, నాకు కనపళ్ళేదు. ఆయా కేకేసింది కాబట్టి సరిపోయింది. ఈ సంగతి స్కూల్లో తెలిస్తే నన్ను తీసేస్తారు."

అద్దాలక్క అలవాటుగా పక్కన వంగి అద్దంలోకి చూసింది. రెండు మొహాలూ గడ్డాలు పైకెత్తి ఉన్నాయి. రెండు నుదుళ్ళూ నున్నగా ఉన్నాయి.

"ఎక్కడ వేయించుకున్నావమ్మా?"

ఆ అమ్మాయి నేల చూపులు చూసింది. "మీ చెల్లెలి పార్లర్లోనే. నేను ఊరికే వేయించుకోలేదక్కా. ఈ డాక్టరు ఏం చదివాడండీ అని అడిగాను. మీ చెల్లెలు మీ ఫొటో చూపించి, మా సొంత అక్కకే చేయించాను, ఇంకేం కావాలి నీకు అంది. మీరు చీటీ లేందే పరీక్ష లేందే అద్దాలు కూడా ఇవ్వరని మా అమ్మ చెప్పేది. మీ అంతటివారే చేయించుకున్నారంటే అని..."

తను అడగలేని ప్రశ్నని ఈ పిల్ల అడిగింది. దానికి జవాబుగా తన మొహాన్నే చూపించారు. పట్టా ఉండాల్సిన గోడ మీద తన నుదురు వేలాడుతోంది. ఇన్నాళ్ళూ తన కళ్ళు తన ఖర్మ అనుకుని ఊరుకుంది గానీ, ఆ ఊరుకోవడం ఎవరి పిల్లాణ్ణో వ్యాను చక్రాల దాకా తీసుకెళ్ళిందని ఆవిడకి అప్పుడు తెలిసింది.

"అద్దాలతో పోయేది కాదమ్మా ఇది. కంటి డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. అందాకా బండి ముట్టుకోకు. ముందు ఇంకో చోటికి వెళ్ళాలి, రా" అంది. చిన్న ఓనరు ఎక్కడికి ఆంటీ అని అడుగుతున్నా ఆగలేదు.

పార్లరు తలుపు తీసేసరికి ఐసు డబ్బా బల్ల మీద ఉంది. ఇస్త్రీ చొక్కా ఆయన సూదిలోకి మందు లాగుతున్నాడు. కుర్చీలో ఎవరో నడివయసు ఆవిడ మెడకి తువ్వాలు చుట్టుకుని, గోడకేసి చూస్తూ కూర్చుంది. గోడ మీద అద్దాలక్క ఫొటో, దాని పక్కన కొత్తగా వ్యాను అమ్మాయి ఫొటో. ఇద్దరూ కళ్ళు బాగా తెరుచుకుని నవ్వుతున్నారు.

తోడికోడలు గబగబా ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇప్పుడొద్దు, నీకు దణ్ణం పెడతా, లోపలికి రా, మాట్లాడుకుందాం."

ఎప్పటిలాగే అద్దాలక్కకి మొహమాటం అడ్డం వచ్చింది. మరిది మొహం గుర్తొచ్చింది. పట్టుకున్న చెయ్యి విడిపించుకుని, ఆవిడ కుర్చీకీ గోడకీ మధ్యన వెళ్ళి నిలబడి, గడ్డం పైకెత్తింది.

"ఫొటోని కాదమ్మా," అంది కుర్చీలో ఉన్నావిడతో, "నన్ను చూడండి."