ఊరందరి బావ

మా నాన్నకు పేర్లు గుర్తుండేవి కావు. నిన్న పరిచయమైన మనిషి ఇవాళ ఎదురుపడితే బుర్ర గోక్కునేవాడు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా ఆయన వాడిన మందు ఒకే ఒక్క మాట, బావ. టీ కొట్టాయన బావ, కండక్టరు బావ, చిల్లర కోసం తగువుపడే ప్రయాణికుడు బావ, బస్సు ఆపి కాగితాలు అడిగిన పోలీసు కూడా బావే. ఉద్యోగమంతా మద్దిలపాలెం డిపోలో డ్రైవరుగానే చేశాడు కాబట్టి, విశాఖపట్నంలో ఆయనకు బావ కానివాడు దొరకడం కష్టం. మా వైపు మగవాళ్లు ఒకరినొకరు బావా అనుకోవడం మామూలే గానీ మా నాన్నది మరీ శ్రుతి మించింది. ఒకసారి మా హెడ్మాస్టరునే పట్టుకుని, "ఏటి బావా, మా గుంట ఎలా సదువుతంది?" అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అమ్మ మాత్రం ఆయన్ని ఏనాడూ బావా అనలేదు. వాళ్లది మేనరికం కాదు. ఆమెది ఎలమంచిలి దగ్గర పల్లెటూరు. వాళ్ల అమ్మానాన్నలకు ఒక్కతే పిల్ల, తోడబుట్టినవాళ్లు లేరు. "ఊరంతా అంతన్నారు కదే, నువ్వూ ఒక్కసారి బావా అను" అని నాన్న వేళాకోళానికి బతిమాలేవాడు. "ఊరందరి బావ నాకెందుకు?" అని అమ్మ మూతి తిప్పేది. ఆమె ఆయన్ని పిలిచే పిలుపు "ఇదిగో" ఒక్కటే. ఆయన కూడా అడిగీ అడిగీ ఊరుకున్నాడు.

కిందటేడు వానాకాలంలో నాన్న పోయాడు. గుండె జబ్బు. ఆసుపత్రిలో డాక్టరుని కూడా, "బావా, నాకేటీ అవ్వదు కదా?" అనే అడిగాడు. ఏమీ అవ్వదని ఆయన ధైర్యం చెప్పాడు. పాపం ఆయన చెయ్యగలిగింది ఆయన చేశాడని తెలుసు. అయినా నాన్న బావల్లో ఆ ఒక్క బావ మీద నాకు ఇప్పటికీ కోపమే.

నాకు తంతులంటే పడదు, అందులోనూ పదో రోజు ఆడదానికి చేసేవి. బొట్టు జోలికీ గాజుల జోలికీ వస్తే ఊరుకోనని మా మేనత్తకు ముందే చెప్పేశాను. ఆవిడ నాన్న చెల్లెలు. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

"నానేటి వొద్దన్నానా?" అంది అత్త. "గాజులుంచుకోనీ. మరి సీర సంగతేటి?"

భర్త పోయిన ఆడమనిషికి పదో రోజున పుట్టింటివాళ్లు కొత్త చీర తేవాలి. అన్నో తమ్ముడో పదిమంది ముందు దాన్ని ఆమె భుజాల మీద కప్పాలి. నీకు మేమున్నాం అని చెప్పడమన్నమాట. తాతయ్యా అమ్మమ్మా ఎప్పుడో పోయారు. అమ్మకు ఆ మాట చెప్పేవాళ్లు లేరు.

ద్వారకా నగర్‌లో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ కిందే చీరల కొట్టు ఉంది. "నేను కొనుక్కొచ్చేస్తానమ్మా, గొడవ వదిలిపోతుంది" అన్నాను.

"కూతురు కొంటే కూతురి సీరవుద్ది. పుట్టింటి సీర ఎలాగవుద్ది?" అంది అమ్మ. "బొట్టు ఉన్నా లేకపోనా నాకొకటే. ఆ సీర రాకపోతే, దీనికి ఎనకా ముందూ ఎవలూ లేరని పదిమందికీ సూపించినట్టు కాదేటి?"

అరవై దాటిన మనిషి పుట్టిల్లు లేదని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. తంతులకు వ్యతిరేకంగా నా దగ్గర బోలెడు వాదనలున్నాయి. ఆ ఏడుపు ముందు ఒక్కటీ పనికిరాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక, షామియానా వేయడానికి వచ్చినతని మీద అరిచాను.

పదో రోజు మా ఇంటి ముందు సందంతా మనుషులే. సగం మంది నాన్న బావలు. చెయ్యాల్సినవన్నీ అయ్యాక పురోహితుడు, "పుట్టింటివారు రండి" అన్నాడు. అమ్మ తల దించుకుంది. నేను పళ్లు బిగపట్టి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. నాన్నతో ఏళ్ల తరబడి ఒకే బస్సు మీద పనిచేసిన కండక్టరు. చంకలో ఒక కవరుంది.

"మీరు ఆవిడకేమవుతారండీ?" అని అడిగాడు పురోహితుడు.

"ఆయన నాకు బావండి" అన్నాడు కండక్టరు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "బావ పెళ్లాం నాకు సెల్లెలు కాదేటి? మా ఇంటిదానికి తోడబుట్టినోల్లు లేరు, దానికి అన్నవైనా తమ్ముడివైనా నువ్వే అని నాతో సెప్పీవోడు."

ఆ మాట పూర్తి కాకుండానే టీ కొట్టాయన లేచాడు. ఆయన చేతిలోనూ కవరే. "అదేటి? ఆ మాట నాతో కదా అన్నాడు?" అన్నాడు. నాన్న ఆదివారం ఆదివారం చేపలు తెచ్చుకునే హార్బరాయన కూడా లేచాడు. "బావకి మీరే బావమరుదులేటి? నాతోనూ అదే అన్నాడు" అన్నాడు. వాళ్ల వెనక ఇంకొందరు కవర్లు పట్టుకుని లేస్తున్నారు. ఎవరికి వారు, అమ్మకు తానొక్కడే దిక్కనుకుని చీర కొనుక్కొచ్చారు. పురోహితుడు తల పట్టుకున్నాడు.

అంతసేపూ నోరు తెరుచుకుని చూస్తున్న మా అత్తకు ఒక్కసారిగా వరస తట్టింది.

"ఆగండర్రా!" అంది. "మీరంతా మా అన్నకి బావలైతే, ఆ లెక్కన నాకు మొగుల్లవ్వాల. ఉన్న ఒక్కడితోనే ఏగలేక సత్తన్నాను నాయనా!"

షామియానా కింద నవ్వులే నవ్వులు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని వంగి చూశాను. నవ్వుతోంది.

మగవాళ్లు పెళ్లాలకు చెప్పకుండా కొన్న చీరలు ఎలా ఉంటాయో చెప్పాలా? ఒకటి చిలకపచ్చ, ఒకటి కళ్లు చెదిరే గులాబీ, ఒకదానికి అంచు నిండా నెమళ్లు. ఇలాంటి రోజున రంగు చీరలేమిటని ఎవరో పెద్దావిడ గొణిగింది. "నా సెల్లికి నాను తెచ్చుకున్నాను, మీకేటండీ?" అన్నాడు హార్బరాయన. నేను అనాలనుకున్న మాట ఆయన అనేశాడు. అంతవరకూ వాళ్లందరినీ అంకుల్ అనేదాన్ని. ఆ క్షణం నుంచి మావయ్యా అంటున్నాను. ఒకరి తర్వాత ఒకరు కప్పుతుంటే అమ్మ ఆ చీరల్లో మునిగిపోయింది.

ఏడాది కావస్తోంది. అమ్మ వాటిని మార్చి మార్చి కడుతోంది. ఎవరైనా అడిగితే, "మా అన్నయ్య పెట్టింది" అంటుంది, ఏ అన్నయ్యో చెప్పదు. నాన్న నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఫోటో ముందు కాదు, మద్దిలపాలెం జంక్షన్‌లో. ఎవరో ఎవరినో "బావా!" అని కేకేస్తారు, గబుక్కున వెనక్కి తిరుగుతాను. అక్కడ సగంమంది తిరుగుతారు కాబట్టి నా సంగతి ఎవరికీ తెలియదు.

ఆ పదో రోజు సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. అందరూ వెళ్లిపోయాక అమ్మ చీరలన్నీ మంచం మీద పోసుకుని మడతపెడుతూ కూర్చుంది. సాయం చెయ్యబోతే వద్దంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. చిలకపచ్చ చీర ఒళ్లో పెట్టుకుని, గోడకున్న నాన్న ఫోటో వైపు చూసింది.

"మావోల్లొచ్చారు, సూసావా?" అంది.

తరవాత చాలా మెల్లగా, సిగ్గుపడుతున్నట్టుగా పిలిచింది.

"బావా."