సలోమి, నాలుగు బంతిపూలు, పేరు తెలియని సమాధి

మా చిన్నప్పుడు జనక్‌పురిలో చలికాలపు ఉదయాలు కిరోసిన్ స్టవ్వు చప్పుడుతో మొదలయ్యేవి...

ఆ రోజూ అంతే. అమ్మ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని అప్పుడే వచ్చింది. తెల్లచీర మార్చుకోకుండానే బేసిన్లో పులిహోర కలుపుతోంది. నాన్న బాల్కనీలో గడ్డం గీసుకుంటున్నారు. చెల్లి సలోమి ఒక కాలికి మేజోడు వేసుకుని, రెండోదాని కోసం మంచం కింద దూరింది. తనకి ఎనిమిదేళ్ళు, నాకు పన్నెండు.

బడివాళ్ళు మమ్మల్ని చరిత్ర చూపించడానికి తీసుకెళ్తున్నారు. మూడు నుంచి ఏడో తరగతి దాకా ఒకే బస్సు. చరిత్రని పుస్తకంలో చదివితే చాలదు, కట్టడం ముందు నిలబడి వినాలని మా చరిత్ర సారు నమ్మకం.

"ఇంతకీ ఎక్కడికే?" అంది అమ్మ.

"లోధీ గార్డెన్‌కమ్మా. పాతకాలపు సమాధులు చూపిస్తారంట."

పులిహోర కలిపే చెయ్యి ఆగింది. "ఎవరివి?"

"రాజులవీ, వాళ్ళ చుట్టాలవీ."

"రాజులైతే మాత్రం... సమాధి దగ్గరికి ఉత్త చేతులతో వెళ్తారా?"

మాది బాపట్ల దగ్గర ఊరు. ఏటా సమాధుల పండుగకి మావాళ్ళంతా సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేస్తారు. అమ్మ దృష్టిలో సమాధి చూసి వచ్చే చోటు కాదు... పలకరించి వచ్చే చోటు.

డాల్డా డబ్బాలో పెంచిన బంతిమొక్క నుంచి నాలుగు పూలు కోసింది. కరెంటు పోతే పనికొస్తుందని గూట్లో దాచిన కొవ్వొత్తి తీసింది. నాకివ్వబోయింది. ఏడో తరగతి పిల్లని... స్నేహితురాళ్ళు ఏమనుకుంటారు?

"సలోమి సంచిలో చోటుందమ్మా" అన్నాను.

అక్కడ అలా ఎవరూ చెయ్యరని నాకు తెలుసు. చెప్పలేదు.

బస్సెక్కగానే సారు ఒక నోటుబుక్కు ఎత్తి చూపించారు. అందులో వచ్చే నెల ఆగ్రా వెళ్ళే పిల్లల పేర్లున్నాయి. "అల్లరి చేసినవాళ్ళ పేరు కొట్టేస్తాను. ఠీక్ హై?"

సలోమికి అప్పటికి నెల రోజులుగా ఆగ్రా తప్ప వేరే ధ్యాస లేదు. దారంతా చేతులు కట్టుకుని కూర్చుంది.

శీష్ గుంబద్ అనే కట్టడం లోపల చాలా సమాధులున్నాయి. సారు గుమ్మటం గురించీ, గోడల మీది నీలం పలకల గురించీ చక్కగా చెప్పారు. చివర్లో సలోమి చెయ్యెత్తింది.

"సర్, ఇందులో ఉన్నది ఎవరు?"

"పతా నహీ. ఎవరికీ తెలియదు."

"ఆ పక్కన?"

"అదీ తెలియదు."

"మీకు కూడానా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సారు మొహం గంటు పెట్టుకుని అందరినీ బయటికి నడిపించారు. బయట లెక్కపెడితే ఒకరు తక్కువ... సలోమి.

అందరం మళ్ళీ లోపలికి వెళ్ళాం. ఒక సమాధి మీద నాలుగు బంతిపూలు. మధ్యలో వెలిగించని కొవ్వొత్తి. పక్కనే అక్కడి ముసలి కాపలాదారు, టోపీ సర్దుకుని నిలబడి ఉన్నాడు. మంట పెట్టకూడదు బేటీ, ఊరికే పెట్టుకో అన్నాడట. సలోమి కళ్ళు మూసుకుని, మా పాస్టరుగారిలా గొంతు పెంచి, తెలుగులో ప్రార్థన చేస్తోంది.

"ప్రభువా... ఈ తాతగారి పేరు మా సారుకి కూడా తెలీదంట. నీకు తెలుసు కదా. వచ్చినోళ్ళంతా గోడలు చూసి పోతన్నారు. ఈయన్ని ఎవరూ..."

తెలుగు రాని సారుకి అందులో ఒక్క మాట అర్థమైంది. సారు.

"బస్, ఇక చాలు! నా గురించి ఏమంటోంది?" అని నన్నడిగారు.

అబద్ధం ఆడకూడదని మా ఇంట్లో నేర్పారు. ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను.

పిల్లల నవ్వు ఆ గుమ్మటం కింద తిరిగి తిరిగి రెండింతలైంది. సారు నోటుబుక్కు తీశారు. సలోమి పేరు మీద గీత పడింది.

"ఈ పూలు, కొవ్వొత్తి ఎవరిచ్చారు?"

సలోమి నావైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. క్షణం క్రితం అంత నిజం చెప్పిన నోరు... పెగల్లేదు.

కాపలా తాత మాత్రం నెమ్మదిగా అన్నాడు. "మాస్టర్ సాబ్, ఇన్నేళ్ళలో వీళ్ళకి పూలు తెచ్చింది ఈ పిల్లే."

సారు నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకున్నారు. గీత మాత్రం అలాగే ఉంది.

బస్సులో సలోమి ఏడవలేదు. "ఆమెన్ చెప్పనివ్వలేదక్కా" అంది, అంతే.

మొన్న జనక్‌పురికి దగ్గర్లోనే ఉన్న ద్వారకలో మా మనవరాలు చెప్పింది, బడిలో తెర మీదే సమాధులన్నీ చూపించారట. అటూ ఇటూ తిప్పి, పైనుంచి కూడా. "లోపల ఎవరున్నారమ్మా?" అన్నాను. "పతా నహీ, నానీ" అంది ఈ అమ్మమ్మతో. మా సారు చెప్పిన జవాబే... కాకపోతే ఈసారి అడిగింది పిల్ల కాదు, నేను.

దానికి మా ఆగ్రా ఫోటో చూపించాను. ఎండకి పిల్లలందరి కళ్ళూ చికిలించుకుని ఉంటే, మా అక్కచెల్లెళ్ళవి మాత్రం గుడ్లగూబల్లా తెరుచుకుని ఉంటాయి. ఎందుకలా అని అడిగి తెగ నవ్వింది.

మిమ్మల్ని మీ బడివాళ్ళు ఎక్కడెక్కడ తిప్పారో, అక్కడ మీరేం నిర్వాకం చేశారో రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.

ఆ కళ్ళ సంగతి అంటారా... అది ఆ సాయంత్రం మా ఇంట్లో నలుగురం కూర్చుని తేల్చుకున్న విషయం. జరిగిందంతా చెప్పాను. అమ్మ ఆగ్రా ఊసే ఎత్తలేదు. "ప్రార్థన మధ్యలో ఆపేసి వచ్చారా?" అంది. నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు ఊగుతోంది.

చివరికి తేలింది ఇది. మర్నాడు నేను సారు దగ్గరికి వెళ్ళి, పూలు మా ఇంటివే, తెలిసీ ఊరుకున్నది నేనే అని చెప్పాలి. చెల్లి పేరు మళ్ళీ రాయకపోతే నా పేరు కూడా కొట్టేయమనాలి. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురం వెళ్ళి ఆ మిగిలిన ఆమెన్ చెప్పి రావాలి. ఆగ్రాకి పూలు వద్దు, కొవ్వొత్తి వద్దు. ప్రార్థన చేసుకోవచ్చు... మనసులోనే, కళ్ళు తెరుచుకుని.

సలోమి ఒక్కటే అడిగింది. "రెప్ప వెయ్యొచ్చా అమ్మా?"

అమ్మ కాసేపు ఆలోచించి, ఆమెన్ అయ్యేదాకా వద్దంది.